ఘాట్ ఎక్కేటప్పుడు మిస్ అయ్యే బండి

కడపలో కారు మెకానిక్ పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకు ఒక షెడ్డు ముందు, పెట్రోలు కారును పక్కన పెట్టుకుని చేసిన ప్రసంగం ఇది.

అందరికీ నమస్కారం. నీడ పట్టున కూర్చోండి. నేను మాట్లాడే ముందు ఈ బండి ఒకసారి స్టార్ట్ చేయిస్తాను, చెవి పెట్టి వినండి.

విన్నారా? మూడు దెబ్బలు పడుతున్నాయి, నాలుగోది పడటం లేదు. ఇట్లా ఒక సిలిండర్‌లో మంట తప్పిపోవడాన్నే మనం మిస్ అవడం, మిస్సింగ్ అంటాం. నాయనా, నువ్వు ఆ కాగితం తీసుకుని సైలెన్సర్ గొట్టం ముందర జానెడు దూరంలో పట్టు. మంచి ఇంజన్ అయితే కాగితం ఒకే తీరుగా కొట్టుకుంటుంది. ఇప్పుడు చూడండి, ఎగురుతూ ఎగురుతూ ఉండి మధ్యలో వాలిపోతోంది. చాలు, ఆపేయండి. ఇట్లా ఎక్కువసేపు నడిపితే బండికి నష్టం. ఎందుకో తర్వాత చెబుతాను.

ఈ బండికి నిన్న సాయంత్రం నేనే ఒక తప్పు పెట్టాను. మాటలు అయిపోయాక అదేమిటో మీరు పట్టుకోవాలి.

ఒక లెక్క చెబుతాను. ఐడ్లింగ్‌లో, అంటే బండి నిలబడి ఎక్సలేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు, ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంది అనుకోండి. ఇంజన్ ఇరుసు, అదే క్రాంకు, రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్ ఒకసారి మండుతుంది. అంటే సిలిండర్‌కు 400 మంటలు, నాలుగు సిలిండర్లకు 1600. ఒక సిలిండర్ పూర్తిగా చచ్చిపోతే సెకనుకు ఆరేడు దెబ్బలు తప్పిపోతాయి. మనకు సీట్లో వణుకు తెలిసేది అందుకే. మూడు సిలిండర్ల బండ్లలో ఆ వణుకు ఇంకా గట్టిగా ఉంటుంది.

ఆ మంట రావాలంటే పెట్రోలు, గాలి, నిప్పురవ్వ సరిగ్గా ఉండాలి, సిలిండర్‌లో ఒత్తిడి ఉండాలి, అన్నీ సమయానికి జరగాలి. ఇది మీరు ఐటీఐలో చదువుకున్నదే, దాని మీద టైమ్ పెట్టను. నేను ఈ రోజు చెప్పాలని వచ్చింది వేరే. బండి తెచ్చినవాళ్లు "పికప్ లేదు మేస్త్రీ" అంటారు, "మిస్సింగ్ కొడుతోంది" అంటారు. మనం వెంటనే బోనెట్ ఎత్తి నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గులు మార్చేస్తాం. తగ్గకపోతే ఆ రవ్వకు వోల్టేజీ పెంచే కాయిల్. ఇంకా తగ్గకపోతే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ క్లీనింగ్, తర్వాత పెట్రోలు పంపు. ప్రతి సామానుకూ డబ్బు ఇచ్చేది ఆయనే. ట్యాక్సీ తోలుకుని నెలవారీ కంతు కట్టుకునే మనిషి మన అనుమానానికి ఎందుకు డబ్బు కట్టాలి? అందుకే పానా పట్టుకునే ముందు ఒక్క మాట అడగండి. ఎప్పుడు?

పొద్దున చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడా, పరుగులోనా? ఎక్కుడులోనా, చదును రోడ్డు మీదా? పెట్రోలు పట్టించాక మొదలైందా, వాన పడ్డాకా? ఈ జవాబుల్లోనే సగం పని అయిపోతుంది. ఎట్లాగో ఒక బండి కథతో చెబుతాను.

రాయచోటి నుంచి ఒక ట్యాక్సీ అన్న వచ్చాడు. ఊర్లో తిప్పితే బండి బాగుంది. చదునులో బాగుంది. రాయచోటి దారిలో మన గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు, అందులోనూ బండి నిండా మనుషులు ఉన్నప్పుడు మాత్రం జర్కు కొడుతుంది. అప్పటికే వేరేచోట్ల ప్లగ్గులు మార్చారు, ఇంజెక్టర్లు కడిగించారు, పెట్రోలు పంపు కొత్తది వేశారు. ప్లగ్గులు మార్చిన ప్రతిసారీ పది పదిహేను రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలు. ఆయన నాతో అన్నది ఒకటే మాట. "అన్నా, ఈసారి కూడా తగ్గకపోతే బండి అమ్మేస్తా."

ఆయన చెప్పినదాంట్లో రెండు గుర్తులున్నాయి. ఒకటి, లోడులో మాత్రమే మిస్ అవుతోంది. రెండు, కొత్త ప్లగ్గు వేస్తే కొన్నాళ్లు తగ్గుతోంది. ఐడ్లింగ్‌లో గాలి దారికి తలుపు లాంటి థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి సిలిండర్‌లోకి వచ్చే గాలి తక్కువ, ఒత్తిడి తక్కువ. నిప్పురవ్వ తేలిగ్గా దూకుతుంది. ఎక్కుడులో ఎక్సలేటర్ పూర్తిగా తొక్కితే సిలిండర్ నిండా గాలి వస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఆ చిక్కటి గాలిలో ప్లగ్గు సందు దాటాలంటే రవ్వకు చాలా ఎక్కువ వోల్టేజీ కావాలి, 20 వేల వోల్టులు దాటినా ఆశ్చర్యం లేదు. దారిలో ఎక్కడైనా బలహీనమైన చోటు ఉంటే కరెంటు ప్లగ్గు సందు వదిలేసి ఆ చోటు నుంచి దూకేస్తుంది. షెడ్డులో రేస్ ఇచ్చి చూస్తే ఇది బయటపడదు, అప్పుడు ఇంజన్ మీద బరువు లేదు కదా.

అందుకని బండి కంప్యూటర్ చెప్పేది చదివే స్కానర్ పెట్టి, ఆయన పక్కన కూర్చుని ఘాట్‌కే పోయాం. రెండో గేరులో మలుపు తిరిగి ఎక్సలేటర్ తొక్కితే మూడో సిలిండర్ మిస్సింగ్ లెక్క పెరుగుతోంది, మిగతావి కదలడం లేదు. కొండ మీద బండి ఆపి, చల్లారనిచ్చి, మూడో కాయిల్ తీసి ఒకటో దాంట్లో పెట్టాను, ఒకటోది మూడో దాంట్లో. కిందికి దిగి మళ్లీ ఎక్కాం. ఈసారి ఒకటో సిలిండర్ లెక్క పెరిగింది. తప్పు కాయిల్‌తో పాటే కదిలిందంటే అది కాయిల్‌లోనో, దాని కింద ప్లగ్గు మీద కూర్చునే రబ్బరు తొడుగులోనో ఉంది. దీనికి ఒక్క రూపాయి సామాను అక్కర్లేదు, ఒక పానా, ఒక గంట ఓపిక చాలు.

ఇదిగో, ఆ ప్లగ్గు దాచిపెట్టాను. ఒకరి తర్వాత ఒకరు చేతిలోకి తీసుకుని చూడండి. కింద మొన దగ్గర కాదు, పైన తెల్లటి పింగాణీ మీద చూడండి. పెన్సిల్‌తో నిలువుగా గీసినట్టు సన్నటి నల్ల గీత కనిపిస్తోందా? కరెంటు లోపల పోకుండా పింగాణీ మీద పాకి పక్కనున్న ఇనుముకు దూకిన దారి అది. గోటితో గీకితే పోదు. ఇదే గీత రబ్బరు తొడుగు లోపల కూడా ఉంటుంది, దాన్ని చీల్చి చూస్తేనే తెలుస్తుంది. వాళ్లు ప్లగ్గు మార్చారు, తొడుగు మార్చలేదు. పాత తొడుగులో ఉన్న గీత కొత్త ప్లగ్గును మళ్లీ కాల్చింది. తొడుగు ఒక్కటే మార్చి పాత ప్లగ్గు ఉంచినా ఇదే గతి. రెండూ కలిపి మార్చాలి. ఆ అన్నకు తొడుగు, ప్లగ్గు వేసి పంపాను. ఆ తర్వాత మిస్సింగ్ అని మళ్లీ రాలేదు, ఆయిల్ మార్చడానికి వస్తూనే ఉన్నాడు.

కాయిల్ నుంచి ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజీ మోసే హెచ్‌టీ వైర్లు ఉన్న పాత బండ్లయితే ఇంకో పద్ధతి ఉంది. రాత్రి షెడ్డులో లైట్లు ఆర్పేసి, బోనెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా దూరంగా నిలబడి చూడండి. వైరు చీలిన చోట నీలం దారం లాంటి మెరుపు కనిపిస్తుంది. చేయి మాత్రం పెట్టవద్దు.

ఇప్పుడు దీనికి సరిగ్గా ఎదురు కేసు. ఐడ్లింగ్‌లో ఊగుతుంది, సిగ్నల్ దగ్గర ఆగిపోయేటట్టు ఉంటుంది, రోడ్డెక్కితే బాగుంటుంది. ఇది వింటే నాకు మొదట గుర్తొచ్చేది గాలి లీకు. థ్రాటిల్ దాటాక ఉన్న పైపులు, గ్యాస్కెట్లు ఎక్కడైనా చీలితే లెక్కలోకి రాని గాలి లోపలికి పోతుంది. ఇథనాల్ కలపని పెట్రోలు ఒక పాలుకు గాలి 14.7 పాళ్లు ఉండాలి, బరువు లెక్కన. ఐడ్లింగ్‌లో ఇంజన్ తాగే గాలే తక్కువ, అందులో ఈ దొంగ గాలి పెద్ద వాటా అవుతుంది. రేస్ పెరిగేకొద్దీ అసలు గాలి ముందు ఆ లీకు చిన్నదైపోతుంది. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అని ఒక అంకె ఉంటుంది, చాలామంది దాని వైపే చూడరు. ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, అదే ఈసీయూ, ఎంత పెట్రోలు ఎక్కువ పోయాల్సి వస్తోందో అది చెబుతుంది. అటూ ఇటూ 10 శాతం లోపు ఉంటే మామూలే. ఐడ్లింగ్‌లో 20 దాటి ఉండి, 2500 రేస్‌లో, అంటే నిమిషానికి 2500 చుట్ల దగ్గర, మామూలుకు వస్తే గాలి లీకు. అదే తిరగబడి, ఐడ్లింగ్‌లో బాగుండి లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగితే పెట్రోలు చాలడం లేదు. ఫిల్టరు, పంపు, ఇంజెక్టర్ల వైపు వెళ్లాలి.

గాలి లీకు వెతకడానికి కొందరు పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజన్ మీద ఆ పని ఎప్పుడూ చేయవద్దు. మొక్కలకు చల్లే స్ప్రే బాటిల్‌లో నీళ్లు పోసి, పైపు అతుకుల మీద, గాలిని సిలిండర్లకు పంచే మానిఫోల్డ్ గ్యాస్కెట్ అంచు వెంట కొంచెం కొంచెంగా చల్లండి, కరెంటు కనెక్టర్ల మీద పడకుండా. లీకున్న చోట నీళ్లు పడితే ఒక్క క్షణం సందు మూసుకుంటుంది, ఇంజన్ చప్పుడు మారుతుంది. మన ఎండలకు రబ్బరు పైపులు పైకి బాగున్నట్టే ఉంటాయి. వంచి చూడండి, మడత లోపల చీలికలు కనిపిస్తాయి. బ్రేకు బూస్టర్‌కు పోయే పైపు, ఇంజన్ లోపలి ఆవిరిని మళ్లీ గాలి దారిలోకి పంపే పీసీవీ పైపు మొదట చూడండి.

పెట్రోలు సంగతి. పెట్రోలు బంకులో ట్యాంకు నింపించుకున్న వెంటనే మొదలైందంటే పెట్రోలు చూడాల్సిందే. ఇప్పుడు దొరుకుతున్నది 20 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్, నీళ్లు కలిసి ఒక పొరగా విడిపోయి ట్యాంకు అడుక్కు చేరతాయి. పంపు పీల్చేది అడుగు నుంచే. అనుమానం ఉంటే గాజు సీసాలోకి కొంచెం తీసి కదపకుండా పెట్టండి. కింద వేరే పొర కనిపిస్తే ట్యాంకు దించి కడగాలి, వేరే మార్గం లేదు. ఇథనాల్‌కు పెట్రోలు కంటే లీటరుకు మూడో వంతు శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొంచెం తగ్గడం సహజం. మిస్సింగ్ మాత్రం సహజం కాదు. మిస్ అవుతుంటే "పెట్రోలు అంతే లే అన్నా" అని పంపించేయకండి.

పెట్రోలు ప్రెషర్ కొలిచే గేజ్ ఉంటే పెట్టి చూడండి. మామూలు ఎంపీఎఫ్‌ఐ బండ్లలో, అంటే ఒక్కో సిలిండర్ గాలి దారిలో ఒక్కో ఇంజెక్టర్ ఉన్నవాటిలో, 3 నుంచి 4 బార్ మధ్య ఉంటుంది, బండి మాన్యువల్‌లో అంకె చూసుకోండి. ఇంజెక్టర్ పని చేస్తోందా లేదా అన్నదానికి పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన దాని మీద ఆనించి పిడి చెవికి పెట్టుకుంటే చాలు. టిక్ టిక్ వినిపించాలి. మూడు కొట్టుకుంటూ ఒకటి మూగగా ఉంటే మల్టీమీటర్ పెట్టండి. చాలా ఇంజెక్టర్లకు 12 నుంచి 16 ఓమ్‌ల మధ్య చూపిస్తుంది. ఏ సిలిండర్ చచ్చిందో కనుక్కోవడానికి ఒక్కొక్కటే ఆపి చూసే అలవాటు మనకు పాతకాలం నుంచి ఉంది. ఇప్పటి బండ్లలో కాయిల్ వైరు పీకవద్దు, ఇంజెక్టర్ కనెక్టర్ తీయండి. కాయిల్ పీకితే మండని పెట్రోలు నేరుగా సైలెన్సర్‌లోకి పోతుంది.

ఇందాక నడపవద్దన్నది ఇందుకే. ఆ పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. లోపలి పింగాణీ తేనెపట్టు కరిగి ముద్దవుతుంది. చెక్ ఇంజన్ లైటు ఊరికే వెలుగుతుంటే జాగ్రత్తగా షెడ్డుకు రావచ్చు. అది మిణుకు మిణుకుమని ఆరి వెలుగుతుంటే మిస్సింగ్ కన్వర్టర్‌ను కాలుస్తోందని అర్థం. వేగం తగ్గించి బండి పక్కన ఆపాలి. ఈ ఒక్క సంగతి మీ దగ్గరికి వచ్చే ప్రతి డ్రైవరుకూ చెప్పండి. ఎండాకాలం శెనక్కాయ కట్టె మీదో, ఎండు గడ్డి మీదో అట్లాంటి బండి ఆపితే కింద నిప్పు అంటుకుంటుంది. చేల గట్ల మీద బండ్లు పెట్టే మన రైతులకు మరీ చెప్పాలి.

మిస్సింగ్ లేకుండా పికప్ ఒక్కటే తగ్గిన బండి సంగతికి వస్తాను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. నేను సొంతంగా షెడ్డు పెట్టిన కొత్తల్లో ఒక రైతు బండి వచ్చింది. లాగడం లేదు, పెట్రోలు తాగేస్తోంది. పిస్టన్ రింగులు పోయాయని నాకు నేనే తీర్మానం చేసుకుని హెడ్డు దించాను. సిలిండర్లు బాగున్నాయి, వాల్వులు బాగున్నాయి. అంతా బిగించి బండిని పక్కకు జరపబోతే న్యూట్రల్‌లో కూడా కదల్లేదు. వెనక చక్రం బ్రేకు పట్టుకుపోయి ఉంది. అంతే. ఆయన దగ్గర గ్యాస్కెట్ డబ్బులు, కూలి తీసుకోకుండా ఉండాల్సింది. నేను తీసుకున్నాను. ఆ తర్వాత ఆయన నా దగ్గరికి రాలేదు. ఇన్నేళ్లయినా అది నా మనసులో ఉంది.

కాబట్టి చదును నేల మీద బండిని న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తోయండి. రెండు మైళ్లు తిప్పి వచ్చాక నాలుగు చక్రాల దగ్గరా అరచేయి ఆనించకుండా దగ్గరగా పెట్టి వేడి చూడండి. ఒకటి మిగతావాటి కంటే బాగా సెగ కొడుతుంటే తప్పు ఇంజన్‌లో లేదు. తర్వాత క్లచ్. పై గేరులో ఎక్సలేటర్ తొక్కితే ఇంజన్ చప్పుడు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది.

తర్వాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పండి. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి పాలిష్ మిషన్లు ఉన్న దారిలో తిరిగే బండ్ల ఫిల్టర్ కంపెనీ చెప్పిన కిలోమీటర్ల దాకా ఆగదు. నేను ఒక డబ్బా విప్పితే ఫిల్టర్ కింద దోసెడు శెనక్కాయ పొట్టు, చింపిన దూది, ఎలుక పిల్లలు. ఆ ఎలుక పక్కనే ఉన్న సెన్సర్ వైరు కూడా కొరికింది. ఊర్లలో కల్లం పక్కన నిలబెట్టే బండ్లకు ఇది చాలా మామూలు. కొత్త సెన్సర్ కొనిపించే ముందు వైరును కనెక్టర్ నుంచి చివరిదాకా వేళ్లతో తడుముతూ పొండి.

బండి 3000 రేస్ దాటనని మొండికేస్తే, వేడెక్కేకొద్దీ ఎక్కువైతే, కన్వర్టర్ మూసుకుపోయిందేమో చూడాలి. కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ పెట్టండి. ఐడ్లింగ్‌లో ఒత్తిడి ఒకటింబావు పీఎస్‌ఐ దాటకూడదు. దాటితే కన్వర్టర్ మూసుకుంది. కొత్తది వేసే ముందు పాతదాన్ని కాల్చిన మిస్సింగ్ ఎక్కడుందో కనుక్కోండి, లేకపోతే కొత్తదీ కాలిపోతుంది.

ఇవన్నీ బాగుండి ఒక సిలిండర్ మాత్రం పలకకపోతే అప్పుడు కంప్రెషన్, అంటే సిలిండర్‌లో ఒత్తిడి చూడాలి. నాలుగు ప్లగ్గులూ తీసి, పెట్రోలు, కాయిల్ కనెక్షన్లు తప్పించి, ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి. ఎక్సలేటర్ తొక్కకుండా చూసి ఇంజన్ పోయిందని చెప్పినవాళ్లను నేను చూశాను. సాధారణంగా 150 నుంచి 190 పీఎస్‌ఐ మధ్య వస్తుంది. ఎంత వచ్చిందన్నదాని కంటే నాలుగింటి మధ్య తేడా ఎంతన్నది ముఖ్యం. 15 శాతం దాటితే ఆలోచించాలి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక టీ స్పూను ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. పెరిగితే రింగులు. పెరగకపోతే వాల్వు. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు కలిసి తగ్గితే మధ్యలో హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించండి. పొద్దున స్టార్ట్ చేయగానే కొద్దిసేపు మిస్ అయి తెల్ల పొగ వచ్చి, రేడియేటర్‌లో కూలెంట్ తగ్గుతుంటే అది గట్టి గుర్తు.

ఎవరో చెయ్యి ఎత్తారు. అడుగు నాయనా.

స్కానర్ కోడ్ చూపిస్తుంది కదా, ఇంత కష్టం ఎందుకు అంటున్నాడు. మంచి ప్రశ్న. క్రాంకు పక్కనున్న సెన్సర్ పళ్ల చక్రం వేగం చూస్తుంటుంది. ఒక దెబ్బ తప్పితే చక్రం రవ్వంత నెమ్మదిస్తుంది, ఏ సిలిండర్ వంతులో నెమ్మదించిందో దాన్ని ఈసీయూ రాసిపెట్టుకుంటుంది. పీ 0303 అంటే మూడో సిలిండర్ మిస్ అవుతోందని. అంతవరకే. ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా, వాల్వా అన్నది ఆ కోడ్‌లో లేదు. పీ 0300 వస్తే అన్నింట్లో అక్కడక్కడా మిస్ అవుతోందని. అప్పుడు ఒక్క సిలిండర్‌కు సంబంధించిన సామాను వదిలేసి అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న గాలి, పెట్రోలు ప్రెషర్ వైపు చూడాలి. రెండు సిలిండర్లకు ఒకటే చొప్పున డబుల్ కాయిల్ ఉన్న బండ్లలో ఒకటి, నాలుగు కలిసి మిస్ అయితే నేరుగా ఆ కాయిల్ దగ్గరికి పోవచ్చు. కోడ్ తుడిచేసే ముందు అది పడినప్పుడు రేస్ ఎంత, వేడి ఎంత, లోడు ఎంత అని అందులోనే రాసి ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకోండి. నేను ఇందాక అడగమన్న "ఎప్పుడు"కు బండి ఇచ్చే జవాబు అది.

ఇంకొకరు అడుగుతున్నారు, డబ్బు తక్కువగా ఉంటే మొదట ఏం కొనాలని. ఒక మంచి మల్టీమీటర్, కంప్రెషన్ గేజ్, ఫోన్‌కు కలిపే చిన్న స్కానర్. కంప్రెషన్ గేజ్ చవకది కొనవద్దు, వాల్వు కారిపోయి ప్రతి ఇంజన్‌నూ చెడిపోయినట్టే చూపిస్తుంది.

సరే, ఇక లేవండి. ఇప్పుడు బండి మీ చేతికి ఇస్తున్నాను. ఇద్దరిద్దరుగా రండి. ఎవరు ముందు వచ్చినా, ప్లగ్గు తీసే ముందు ఇంజన్ చల్లారిందో లేదో చూడండి, అల్యూమినియం హెడ్డు వేడి మీద ఉంటే మర పోతుంది. ప్లగ్గు గుంటలో గాలి కొట్టండి, ఆ దుమ్ము సిలిండర్‌లో పడకూడదు. నేను ఆ అరుగు మీద కూర్చుంటాను. బండి ఎప్పుడు మిస్ అవుతోందని మీరు నన్ను ఏమైనా అడగొచ్చు, దాని ఓనరు చెప్పినట్టు చెబుతాను.